మన ఊరికి సోషలిజం ఏ దారిన రావాలి?

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకు ముందు మేము నలుగురం పాత విద్యార్థులం హాస్టల్‌కు వచ్చాం. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, మార్క్స్ చెప్పిందంతా ఫ్యాక్టరీల గురించే గదా. మన బెళగల్ కాడ ఫ్యాక్టరీ యాడుంది? మరి ఆయన మాట మనకెట్ల పనికొస్తాది?"

మాకు తెలిసిన జవాబే చెప్పాం. ముందు భూస్వామ్యం పోవాలి, తర్వాత పెట్టుబడిదారీ విధానం పెరగాలి, పరిశ్రమలు రావాలి, కార్మికవర్గం బలపడాలి, ఆ తర్వాతే సోషలిజం అని పుస్తకంలో ఉన్న వరుస అప్పజెప్పాం. వాడు అంతా విని మళ్లీ అడిగాడు. "అంటే అంతవరకూ మా అమ్మా నాయనా సుగ్గికి పోతానే ఉండాల్నా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. యూనివర్సిటీలో సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడినవాళ్లం, ఆ రాత్రి లేచి పడుకోడానికి పోయాం. ఈ వార్షికోత్సవ సంచికలో రాయమన్నప్పుడు ఆ తమ్ముడికి బాకీపడ్డ జవాబే రాయాలనుకున్నాం. వెనకబడిన దేశాల్లో సోషలిజం ఎట్లా వస్తుందనే ప్రశ్న మనకు పరీక్షలో వచ్చే ఎస్సే టాపిక్ కాదు. మన ఇంటి తలుపుకు పడే తాళం గురించిన ప్రశ్న అది.

పెట్టుబడి మన ఊరికి రాలేదా?

మొదట మేము చెప్పిన జవాబులోనే ఒక తప్పుంది. పెట్టుబడిదారీ విధానం మన ఊరికి ఇంకా రాలేదనుకున్నాం. నిజంగా రాలేదా?

దీపావళి పోయిందంటే కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, నందవరం, గోనెగండ్ల, సి.బెళగల్ మండలాల పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. మూటాముల్లె, జొన్నపిండి సంచి, వంటపాత్రలు, చంటిపిల్లలతో సహా లారీలు, ఆటోలు ఎక్కి గుంటూరు వైపు పోతారు. కొందరు బెంగళూరు, హైదరాబాదు కట్టడం పనులకు పోతారు. ఉగాది దగ్గర పడేదాకా ఊర్లో ముసలివాళ్లే కనబడతారు. ఈ పిల్లల చదువు ఆగిపోకూడదనే మన జిల్లాలో సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వచ్చింది.

మన అమ్మలు కోసిన మిరపకాయ ఎక్కడికి పోతుంది? గుంటూరు యార్డుకు పోతుంది. అది ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. అక్కడినుంచి చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్ దాకా పోతుంది. మనవాళ్లు విడిపించిన పత్తి జిన్నింగ్ మిల్లుకు, అక్కడినుంచి స్పిన్నింగ్ మిల్లుకు, ఇతర దేశాలకు పోతుంది. ఆదోని పత్తి మార్కెట్లో క్వింటాలు ధర ఎంత పలకాలో ఆదోనిలో ఒక్కచోటే తేలదు. దూరదేశాల వ్యాపారం కూడా దాన్ని లాగుతుంది, పడేస్తుంది. ఆ ధర పడితే రైతు కూలి తగ్గిస్తాడు. అంటే మన గూడెంలో పొద్దున్నే రొట్టె చేసుకుని బయల్దేరే తల్లి ప్రపంచ మార్కెట్లోనే పనిచేస్తోంది. పెట్టుబడి చిమ్నీ పెట్టుకుని మన ఊరికి రాలేదు, సుగ్గి లారీ వేసుకుని వచ్చింది.

అట్లని పాతది పోయిందా? పోలేదు. ఊర్లో ఉన్నన్నాళ్లూ కులం ఉంది, భూమి లేకపోవడం ఉంది, పెద్దవాళ్ల పొలంలో కోరుకు గుత్తకు చేయడం ఉంది, వడ్డీ ఉంది. ఊరు దాటితే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంది. ఊర్లో పాతతాడు, బయట కొత్తతాడు. రెండూ ఒకే మనిషి మెడకే ఉన్నాయి. వెనకబడిన దేశం అని పుస్తకాల్లో రాసేది ఈ పరిస్థితినే. అక్కడ పెట్టుబడి పాత పెత్తనాన్ని కూల్చకుండా దాంతోనే పొత్తు పెట్టుకుంటుంది. ఊర్లో పని లేకపోవడం వల్లనే గుంటూరులో మన కూలి చవక అవుతుంది.

ఇంకొక విషయం. సుగ్గికి పోయేవాళ్లంతా భూమిలేనివాళ్లు కాదు. మూడు నాలుగెకరాల మెట్ట ఉన్న రైతు కూడా లారీ ఎక్కుతున్నాడు. తుంగభద్ర మన మండలాన్ని ఆనుకునే పారుతోంది. గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల రిజర్వాయర్ మాట మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. దిగువ కాలువ చివరి భూములకు నీళ్లు చేరతాయో లేదో ఏటా బెంగే. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట డ్యాం 19వ గేటు కొట్టుకుపోయి నీళ్లు కిందికి పోతుంటే మనవాళ్లు ఎట్లా చూస్తూ ఉండిపోయారో గుర్తుందా? కాబట్టి భూమి ఒక్కటే లెక్క కాదు. నీళ్లు, అప్పు, మార్కెట్ ఎవరి చేతిలో ఉన్నాయన్నదీ లెక్కే.

మార్క్స్ ఎదురుచూడమన్నాడా?

దేశాలన్నీ ఇంగ్లండు నడిచిన దారినే నడవాలని మార్క్స్ చెప్పాడని చాలామంది అనుకుంటారు. మేమూ అట్లే అనుకున్నాం. కానీ ఆయన చివరి రోజుల్లో సరిగ్గా ఈ ప్రశ్నే ఆయనకు ఎదురైంది.

'పెట్టుబడి' మొదటి సంపుటం 1867లో వచ్చింది. దానికి మొట్టమొదటి అనువాదం రష్యన్ భాషలో, 1872లో వచ్చింది. రష్యా అప్పుడు రైతుల దేశం. పల్లెల్లో భూమిని ఉమ్మడిగా ఉంచుకుని పంచుకునే పాత పద్ధతి ఇంకా ఉండేది. 1881లో వేరా జాసులిచ్ అనే రష్యన్ విప్లవకారిణి మార్క్స్‌కు ఉత్తరం రాసింది. మా పల్లెలు ముందు నాశనమై, రైతులు కూలీలుగా మారి, ఆ తర్వాతే సోషలిజం రావాలా, లేక ఈ ఉమ్మడి పల్లెనుంచే నేరుగా దారి ఉందా అని ఆమె అడిగింది. మన తొమ్మిదో తరగతి తమ్ముడు అడిగింది కూడా ఇదే గదా!

మార్క్స్ ఈ ఉత్తరానికి జవాబు కోసం చిత్తుప్రతులు మళ్లీ మళ్లీ రాశాడు. చివరికి మార్చి 8న పంపిన ఉత్తరం మాత్రం చిన్నది. తాను వివరించిన చారిత్రక క్రమం పశ్చిమ యూరప్ దేశాలకే పరిమితమని అందులో స్పష్టం చేశాడు. రష్యాలో పల్లె సమాజమే కొత్త సమాజానికి ఆధారం కావచ్చునని, అయితే నలువైపులనుంచి దాన్ని నొక్కేస్తున్న శక్తులను ముందు తొలగించాలని అన్నాడు. మరుసటి సంవత్సరం 'కమ్యూనిస్టు ప్రణాళిక' రష్యన్ ప్రచురణకు ఏంగెల్స్‌తో కలిసి రాసిన ముందుమాటలో, పశ్చిమ దేశాల్లోనూ విప్లవం వచ్చి తోడైతేనే అది సాధ్యమన్నాడు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? వరుసగా మెట్లెక్కక తప్పదని ఆయన అనలేదు. అట్లని ఒకే గెంతులో దాటొచ్చనీ అనలేదు. మీ దగ్గర ఏముంది, దాన్ని ఎవరు నొక్కుతున్నారు, మీకు తోడెవరు అని చూసుకోమన్నాడు.

ముందు నడిచినవాళ్ల అనుభవం

మార్క్స్ పోయాక వెనకబడిన దేశాలే సోషలిజం దారి పట్టాయి. వాళ్ల అనుభవం చదవకుండా జెండా పట్టుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

రష్యాలో 1917లో విప్లవం గెలిచింది. అంతర్యుద్ధంలో రైతుల దగ్గర ధాన్యం బలవంతంగా తీసుకున్నారు. రైతులు తిరగబడ్డారు. 1921లో లెనిన్ వెనక్కి తగ్గి నూతన ఆర్థిక విధానం తెచ్చాడు. పన్ను కట్టాక మిగిలిన ధాన్యం రైతు అమ్ముకోవచ్చన్నాడు. 1923 జనవరిలో, మంచం పట్టిన స్థితిలో, సహకార సంఘాల గురించి ఒక వ్యాసం చెప్పి రాయించాడు. అధికారం శ్రామికుల చేతిలో ఉన్నప్పుడు రైతులంతా సహకార సంఘాల్లో చేరడమే సోషలిజానికి దారి అన్నాడు. దానికి ఒకటి రెండు దశాబ్దాలైనా పడుతుందన్నాడు. అందరికీ చదువు రానిదే అది జరగదని కూడా అన్నాడు. ఈ చివరి మాటను హాస్టల్ పిల్లలం మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఆ ఓపిక తర్వాత వాళ్లకు లేకపోయింది. 1929 నుంచి స్టాలిన్ ప్రభుత్వం బలవంతంగా సామూహిక క్షేత్రాలు పెట్టింది. 1932–33 కరువులో లక్షలకు లక్షల మంది చనిపోయారు. పరిశ్రమలు వచ్చాయి, చదువు వచ్చింది, హిట్లర్‌ను ఓడించారు. అదంతా నిజమే. పొలం మీద మాత్రం రైతుకు మాట లేకపోయింది. 1991లో ఆ రాజ్యం కూలిపోతుంటే కాపాడుకోడానికి కార్మికులు, రైతులు వీధుల్లోకి రాలేదు. తమది అనుకోనిదాన్ని ఎవరు కాపాడతారు?

ఆఫ్రికాలో టాంజానియా సంగతి చూద్దాం. 1967లో నైరేరే అరూషా ప్రకటనతో సోషలిజం దారి ప్రకటించాడు. ఆయన మార్క్సిస్టు కాదు, ఆఫ్రికా పల్లెలోని ఉమ్మడితనాన్నే ఆధారంగా తీసుకున్నాడు. దానికి ఉజామా అని పేరు పెట్టాడు. మొదట్లో ఇష్టమైనవాళ్లే ఉజామా పల్లెల్లో చేరారు. 1973 తర్వాత లక్షలాది మందిని పాత ఇళ్లు ఖాళీ చేయించి కొత్త పల్లెలకు తరలించారు. పంటలు దెబ్బతిన్నాయి. కానీ బడులు, ఆస్పత్రులు మారుమూలలకు చేరాయి. అక్షరాస్యత బాగా పెరిగింది. అక్కడా అదే పాఠం. ప్రజలు తమంతట తాము చేసుకున్నది నిలబడింది, లాఠీతో చేయించింది నిలబడలేదు.

చైనా 1950లో చట్టం చేసి భూమి పంచింది. 1958లో కమ్యూన్లు పెట్టి గొప్ప ముందంజ అన్నది. తర్వాత మూడేళ్లు భయంకరమైన కరువు వచ్చింది. 1978 నుంచి కుటుంబాలకు భూమి అప్పగించి మార్కెట్‌ను అనుమతించింది. నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది కడుపేదరికంనుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకే లెక్క చెప్పింది. చిన్న విషయం కాదు. వియత్నాం కూడా 1986లో ఇదే దారి పట్టి, బియ్యం దిగుమతి చేసుకునే దేశం నుంచి ఎగుమతి చేసే దేశంగా మారింది. కానీ చైనా నగరాలు కట్టిన కోట్లాది పల్లె కూలీలకు ఆ నగరాల్లో పౌరులకుండే హక్కులు లేవు. వాళ్ల పిల్లలకు అక్కడి బడుల్లో సీటు దొరకడం కష్టం. ఊర్లో తాతమ్మ దగ్గర పిల్లల్ని వదిలిపోయే తల్లిదండ్రులు అక్కడా ఉన్నారు. అంటే ఎర్రజెండా కిందా సుగ్గి ఉంది.

మొత్తం మీద మేము గ్రహించింది ఇది. ఉత్పత్తి పెరగకుండా పంచుకుంటే పేదరికమే మిగులుతుంది. ఉత్పత్తి పెరిగినా పనిచేసేవాళ్ల చేతికి నిర్వహణ రాకపోతే, యజమాని కుర్చీలో ఆఫీసరు కూర్చుంటాడు. ప్రభుత్వానిది అయినంత మాత్రాన ప్రజలది కాదు.

మన దేశంలో పైనుంచి వచ్చిన సోషలిజం

మన దేశంలో సోషలిజం అనే మాటకు కరువు లేదు. 1955లో ఆవడి కాంగ్రెస్ మహాసభ సామ్యవాద తరహా సమాజం లక్ష్యమని తీర్మానించింది. 1969లో 14 బ్యాంకులు జాతీయం చేశారు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో సామ్యవాదం అనే మాట చేర్చారు. ఆ మాటను తీసేయాలని వేసిన పిటిషన్లను 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతకు ఇరవై రోజుల ముందే తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తులన్నీ సమాజపు వనరుల కిందికి రావని తీర్పు చెప్పింది. మాట పీఠికలో భద్రంగా ఉంది. ఆస్తి కూడా ఉన్నచోటే భద్రంగా ఉంది.

మన రాష్ట్రంలో 1973 భూపరిమితి చట్టం ప్రకారం ఒక కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు మించకూడదు. బినామీ పేర్లు, దొంగ పంపకాలు చట్టం కంటే ముందే పరుగెత్తాయి. మనవాళ్లకు పట్టాలిచ్చిన భూముల్లో కూడా చాలావరకు అన్యాక్రాంతమయ్యాయని కోనేరు రంగారావు కమిటీ 2006 నివేదికలో తేల్చింది. ఎందుకు? పట్టా ఇచ్చినవాళ్లు నీళ్లివ్వలేదు, ఎద్దులివ్వలేదు, బ్యాంకు అప్పు ఇప్పించలేదు. ఒక్క కాగితంతో బీదవాడు భూమిని ఎన్నాళ్లు నిలుపుకుంటాడు?

పోరాడి సాధించినచోట కొంత మేలు జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. కేరళలో 1957లో ఇ.ఎం.ఎస్. ప్రభుత్వం మొదలుపెట్టిన సంస్కరణ 1970 జనవరి 1 నుంచి పూర్తిగా అమలైంది. బెంగాల్లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో సుమారు 14 లక్షల మంది కోరు రైతుల పేర్లు రికార్డుకెక్కాయి. వీటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మేము ఏకీభవించం. అయితే ఒక నిజం దాచకూడదు. కేరళలో కౌలుదారుకు భూమి దక్కింది. మడిలో దిగి నాట్లేసిన దళిత కూలీకి చాలాచోట్ల ఇంటి జాగా మాత్రమే దక్కింది. వర్గం లెక్క వేసి కులం లెక్క మరిచిపోతే మన వాటా ఎప్పుడూ ఇంటి జాగా దగ్గరే ఆగిపోతుంది.

ఈ విషయం ముందుగానే చూసినవాడు అంబేద్కర్. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు' అనే పత్రంలో, వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలని, కులమత భేదం లేకుండా భూమిని రైతు బృందాలకు సాగుకివ్వాలని, కీలక పరిశ్రమలు, బీమా ప్రభుత్వానివే కావాలని ప్రతిపాదించారు. అంతేకాదు, ఇదంతా మామూలు చట్టంగా కాక రాజ్యాంగంలోనే రాయాలన్నారు. ఎందుకంటే చట్టం మీద నడిచే సోషలిజాన్ని రేపు వచ్చే మెజారిటీ తీసేయగలదు. ఆ ప్రతిపాదన రాజ్యాంగంలోకి రాలేదు. ఆయన భయపడ్డట్టే జరుగుతోంది. 1966లో 32 మంది ప్రాణాలర్పించి సాధించుకున్న విశాఖ ఉక్కును 2021 జనవరిలో ఢిల్లీలో ఒక్క సమావేశంతో అమ్మకానికి పెట్టాలనుకున్నారు. 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. కూలీలను ఎవరడిగారు?

ఎమ్మిగనూరు మగ్గం చెప్పే పాఠం

ఇక మన పక్క ఊరికి వద్దాం. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. ఆయన కమ్యూనిస్టు కాదు. కానీ చేసిన పని చూడండి. అంతకుముందు నేతగాడు నూలుకు సావుకారి మీద, అమ్మకానికి మళ్లీ సావుకారి మీద ఆధారపడేవాడు. సంఘం వచ్చాక నూలు కలిసి కొన్నారు, గుడ్డ కలిసి అమ్మారు. ఎమ్మిగనూరు దుప్పటి, టవలు, కర్టెన్ గుడ్డకు దేశమంతా పేరొచ్చింది. చదువు లేని నేతగాళ్ల పట్టణం, పెట్టుబడి లేని పట్టణం తన కాళ్ల మీద నిలబడింది.

ఆ వెలుగు అట్లే ఉందా? లేదు. నూలు ధర సంఘం చేతిలో లేదు. పవర్లూమ్ గుడ్డ చవగ్గా వచ్చి పడింది. చేనేతకు 1985 చట్టంలో 22 రకాలు కేటాయించి, తర్వాత వాటిని 11కు కుదించారు. చుట్టూ సముద్రం పెట్టుబడిదైతే మధ్యలో చిన్న దిబ్బ ఎన్నాళ్లు నిలుస్తుంది? అయినా ఆ సంఘం ఒక విషయం రుజువు చేసింది. ఫ్యాక్టరీలు వచ్చేదాకా, ఢిల్లీలో ప్రభుత్వం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు.

కేరళలో ఉరాలుంగల్ కూలీల సంఘానికి 2025లో నూరేళ్లు నిండాయి. వాగ్భటానంద అనే సంస్కర్త వెంట నడిచారని భూస్వాములు పని ఇవ్వకపోతే కూలీలే 1925లో సంఘం కట్టుకున్నారు. కాంట్రాక్టరు లేకుండా తామే పనులు తీసుకున్నారు. ఈరోజు రోడ్లు, వంతెనలు కడుతున్నారు. మన జిల్లాలోనే ఓర్వకల్లు పొదుపు మహిళలు రూపాయి రూపాయి కూడబెట్టి, తమ పిల్లల కోసం సొంత బడి కూడా పెట్టుకున్నారు. సుగ్గికి పోయే మనవాళ్లు మాత్రం ఇంకా మేస్త్రీ చెప్పిన లెక్కే నమ్ముతున్నారు.

మమ్మల్ని రెండు వైపులనుంచీ అడుగుతారు

కొందరు పెద్దలు, "ఇదంతా సంస్కరణవాదం. రాజ్యాధికారం రాకుండా సంఘాలు పెట్టి ఏం సాధిస్తారు?" అంటారు. వాళ్ల మాటలో సగం నిజముంది. అధికారం మారకపోతే ఎమ్మిగనూరు మగ్గానికి పట్టిన గతే పడుతుంది. కానీ రెండో సగం కూడా చెప్పాలి. నడపడం నేర్చుకోకుండా అధికారం వస్తే అది ఆఫీసర్ల చేతికి పోతుందని రష్యా, టాంజానియా చెప్పాయి. అధికారం కోసం పోరాటం, నడపడం కోసం శిక్షణ – రెండు ఎద్దులూ కడితేనే బండి కదులుతుంది.

ఉద్యోగాలు చేస్తున్న కొందరు అన్నలు, "సోషలిజం 1991లోనే చచ్చిపోయింది. బుద్ధిగా చదువుకుని ఉద్యోగం చూసుకోండి" అంటారు. ఉద్యోగం అక్కర్లేదని మేము అనం. మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఒక జీతం ఇంటికి వస్తే ఏం మారుతుందో మాకు తెలుసు. కానీ అన్నలారా, ఒక్క మాట. ఈ హాస్టల్ నుంచి ఇంతమంది ఉద్యోగాలకు పోయారు. సుగ్గి లారీలు తగ్గాయా? ఒకరు లారీ దిగితే ఆ జాగాలో ఇంకొకరు ఎక్కుతున్నారు. ఒక్కొక్కరం తప్పించుకునే దారి మంచిదే, అది అందరి దారి కాలేదు.

మరి మనం ఏం చేయాలి?

సోషలిజానికి పరివర్తన అంటే ఒక తెల్లవారుజామున రేడియోలో వినబడే వార్త కాదని ఇప్పుడు మేము నమ్ముతున్నాం. బతకడానికి కావాల్సిన ఒక్కొక్కటి – భూమి, నీళ్లు, అప్పు, పని, చదువు – ఒకరి దయ నుంచి తప్పించి అందరి హక్కు చేయడం, దాన్ని వాడుకునేవాళ్లే నడపడం. ఇది ఎంతవరకు జరిగితే అంతవరకు మనం నడిచినట్టు.

ఒక్కసారి చుట్టూ చూడండి. మనం పడుకునే ఈ గది, తినే ఈ అన్నం ఎవరూ కొనుక్కున్నవి కావు. మన అమ్మానాయనల కూలితో కొనగలిగినవీ కావు. ఇది ఎవరో పెట్టిన ధర్మసత్రం కాదు. ప్రజల సొమ్ముతో ప్రజల పిల్లలకు దక్కిన హక్కు. ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే మనకు తెలుసు. కానీ దాన్ని నడపడంలో మన పాత్ర ఎంత? మెస్ కమిటీలో పేరుండటమే కాకుండా బియ్యం, పప్పు లెక్క నెలనెలా బోర్డు మీద మనమే రాయాలి. లెక్క అడగడం తగవు పెట్టుకోవడం కాదు. మనది అనుకుంటేనే లెక్క అడుగుతాం.

రెండోది సుగ్గి. ఒకే వాడలో, ఒకే గుంపుగా పోయే ఇరవై ముప్పై కుటుంబాలు తామే ఒక సంఘం ఎందుకు కాకూడదు? ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘం పెట్టుకోడానికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. సంఘమే రైతుతో ఫోనులో రేటు మాట్లాడాలి. అడ్వాన్సు సంఘం పేర రావాలి. మిరప కోసేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి సభ్యత్వం వాళ్ల పేర ఉండాలి. దీనికి కావాల్సింది లెక్క రాసేవాళ్లు. వేలిముద్ర వేసే తల్లికి ఆ పుస్తకం రాసిపెట్టగలిగింది ఎవరు? పదో తరగతి, ఇంటర్ చదివిన ఆమె కొడుకు, కూతురు. అందరికీ చదువు రానిదే సహకారం జరగదని లెనిన్ ఎందుకన్నాడో ఇక్కడ అర్థమవుతుంది. ఈ ఒక్క సంఘంతో సుగ్గి ఆగిపోదు. దిగువ కాలువ చివరి పొలానికి నీళ్లు, మన పట్టాలకు మన స్వాధీనం, ఊర్లోనే పని – వీటికోసం పెద్ద పోరాటం చేయక తప్పదు. అయితే ఆ పోరాటానికి వచ్చే మనుషులు ఈ లెక్కల పుస్తకం దగ్గరే తయారవుతారు.

అందుకే పాత విద్యార్థులం మేము ఒక మాట అనుకున్నాం. వచ్చే దీపావళికి ముందు, లారీలు బయల్దేరకముందే, సెలవు దొరికినవాళ్లమంతా మన వాడల్లో కూర్చుంటాం. కనీసం ఒక్క గుంపుకైనా లెక్కల పుస్తకం తెరుస్తాం. మీలో పెద్ద తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు తోడు రావాలి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు సంఘం రిజిస్ట్రేషనుకు, ఆఫీసు పనులకు ఒక్కరోజు ఇవ్వాలి. తప్పులు జరుగుతాయి. వచ్చే సంచికలో ఆ తప్పులు కూడా రాస్తాం.

తమ్ముడూ, నువ్వడిగిన దానికి మా జవాబు ఇది. అంతవరకూ మీ అమ్మానాయన సుగ్గికి పోతానే ఉండాల్సిన పని లేదు. ఎవరో వచ్చి ఆపుతారని మాత్రం మేము చెప్పం. ఈసారి లారీ ఎక్కేముందు మేస్త్రీ చేతిలోని చిట్టా మీ అమ్మ చేతికి రావాలి. దాన్ని నువ్వు చదివి వినిపించాలి. మన ఊరికి సోషలిజం వచ్చే దారి అక్కడినుంచే మొదలుపెడదాం.